కట్టె నీళ్లు తాగేదాకా

ప్రియమైన రాహేలక్కకు,

ప్రభువు నామంలో నీకూ బావకూ వందనాలు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ మీరిద్దరూ బాగుండాలని తెల్లవారుజామునే ప్రార్థన చేసుకుని ఈ కాగితం పట్టుకున్నాను. బావ దగ్గు తగ్గిందా? కోడి కంటే ముందు బావే దగ్గుతాడు కాబట్టి మీ ఇంటికి కోడి దండగ అని ఎప్పుడో చెప్పాను.

నీ కంటి సంగతి రాజేశం చెప్పాడు. రాజేశం అంటే పెద్దపల్లి దగ్గరివాడు. ఇక్కడ పడవలకు రంగులు వేస్తాడు, మేమిద్దరం ఒకే గదిలో ఉంటాం. అతని అత్తగారిది మన ఊరే. నీ ఎడమ కన్ను ఎటూ లేదు, ఇప్పుడు కుడి కంటికి కూడా పొర కమ్ముతోందట. డాక్టరు ఆలస్యం చేయొద్దన్నా "నా తమ్ముడొచ్చి చెయ్యి పట్టుకొని తీస్కపోతెనే పోత, లేకుంటె పోనే పోను" అని మంచం మీద కూర్చున్నావట. అక్కా, నా రాకకూ నీ కంటికీ పందెం పెట్టావు. ఆ పందెంలో నేను ఎంత వెనకబడి ఉన్నానో నీకు తెలియదు. ఇన్నాళ్లూ దాచాను, ఇవాళ చెబుతాను.

ఒక పాత తెరచాప పడవలో కూర్చుని రాస్తున్నాను. పడవ సముద్రంలో ఉంది, కొంచెం సముద్రం పడవలో ఉంది. అడుగున రెండు వేళ్ల లోతు నీళ్లు వచ్చాయి. అవి ఎక్కడ ఆగుతాయో దాన్నిబట్టే నేను ఊరికి వచ్చేదీ రానిదీ. మధ్యాహ్నం రాజేశం సెలవు మీద విమానం ఎక్కుతున్నాడు. ఈ ఉత్తరం అతని చేతికే ఇస్తాను. అక్షరాలు చింతగింజలంత రాస్తున్నాను, వెలుతురులో కూర్చుని చదువుకో. ‘వచ్చిండు’ అని రాస్తే మన బడి సారు వేళ్ల మీద కొట్టేవాడు కదా, ఆ భయానికి యాభై నాలుగేళ్లు వచ్చినా పెన్ను పట్టుకుంటే ‘వచ్చాడు’ అనే వస్తుంది. తమ్ముడు దొరబాబు అయ్యాడని నవ్వకు.

ఏసీ షాపులో సోఫాలు చేస్తున్నానని చెప్పింది అబద్ధం. మొదటి రెండేళ్లు నిజమే. తర్వాత ఒక పొద్దున పనికి వెళ్తే షాపుకు తాళం ఉంది, సేటు లేడు, అతని దగ్గర పెట్టిన మా పాస్‌పోర్టులూ లేవు. కంపెనీ వదిలేసి కాగితాలు లేకుండా తిరిగేవాడిని ఇక్కడ మనవాళ్లు ఖల్లివెల్లి అంటారు. నేను కంపెనీని వదల్లేదు, కంపెనీయే నన్ను వదిలి పారిపోయింది. న్యాయంగా చూస్తే అదే ఖల్లివెల్లి. కానీ పట్టుకునేది మాత్రం నన్ను. ఈ దేశంలో ఉండనిచ్చే కార్డు గడువు అయిపోతే ఫోన్ సిమ్ కూడా ఆగిపోతుంది. నా ఫోన్ రానిది అందుకే, నీ మీద అలిగి కాదు.

నాలుగేళ్లుగా దొరికిన తలుపో కిటికీనో బాగు చేస్తూ, పోలీసు బండి కనబడితే గల్లీలోకి తప్పుకుంటూ బతికాను. రాత్రి ఖబూస్ రొట్టె, పొద్దున మిగిలిన ఖబూస్ రొట్టె. ఊరికి రావాలంటే ఔట్‌పాస్ కావాలి, అంటే పాస్‌పోర్టు లేనివాడు దేశం దాటడానికి సర్కారు ఆఫీసులో ఇచ్చే కాగితం. ఒంటరిగా ఆఫీసుకు వెళ్లినవాడు ముందు జైలుకు పోతాడు, ఊరికి ఎప్పుడు పోతాడో దేవుడికే తెలియాలి. ఈ దేశపు పెద్దమనిషి ఎవరైనా పక్కన నిలబడి ఇతను నా మనిషి అని చెబితే జైలు తప్పుతుంది. అలాంటి మనిషి నాకు ఒక్కడే దొరికాడు.

ఆయనను అందరూ నాఖుదా అంటారు, అంటే పడవ కప్తాను. డెబ్బై దాటాయి. ఆయన మాట సగం అరబ్బీ, సగం ఉర్దూ, మిగతా సగం చేతులు. ఆయన తండ్రి నడిపిన పడవ పదేళ్లుగా ఒడ్డున ఇసుకలో ఎండుతోంది. మన చర్చి అంత పొడవు. పలకలు ఎండకు కుంచించుకుపోయి సందుల్లో అగ్గిపుల్ల దూరేది. ఆ ఒడ్డున ఏవో కట్టడాలు వస్తున్నాయి. ఈ నెలాఖరుకు నీళ్ల మీద నిలవని పడవలన్నింటినీ మిషన్ పెట్టి విరగ్గొడతారు. నాఖుదా నన్ను పడవ చుట్టూ తిప్పి చెప్పిన మాటను మన తెలుగులో రాస్తాను:

"మా బాపు పడవను నీళ్లల్ల నిలవెట్టు. నేనే నీ చెయ్యి పట్టుకొని ఆఫీసుకు తీస్కపోత. ఇది ముక్కలైతె మాత్రం నాకు గీ ఊర్లె ఏం పని? కొడుకు దగ్గరికి దూరం పోత. గప్పుడు నువ్వెవరో, నేనెవరో."

దేవుడు నోవహుకు ఓడ కొలతలన్నీ చెప్పి పని అప్పగించాడు. నాఖుదా నాకు ఒక సుత్తె ఇచ్చాడు.

రెండు నెలలు చేశాను అక్కా. పుచ్చిన పలకలు తీసి టేకు పలకలు వేశాను. పడవకు తిన్నటి పలక పనికిరాదు, ఒంపు తిరగాలి. వేడినీళ్ల గోనెలు కప్పి, తాళ్లతో కొంచెం కొంచెం లాగి ఒంచాలి. మొదటి మూడూ విరిగాయి. నాలుగోది చంటిపిల్ల తల్లి ఒళ్లో ఒదిగినట్టు ఒదిగింది. ఆ రోజు అన్నం తినలేదన్న సంగతి మర్నాడు గుర్తుకొచ్చింది. పలకలకు పూసే చేప నూనె వాసనకు రాజేశం నా పరుపును గది బయట వేశాడు. నిర్మల్‌కు పోయి బొమ్మలు చేయడం నేర్చుకోరా అని నువ్వు చిన్నప్పుడు మొత్తుకున్నావు. విని ఉంటే బాగుండేది, బొమ్మను ఎవరూ సముద్రంలో వేసి చూడరు.

(ఇప్పుడే చూశాను. మూడు వేళ్లు.)

ఇక నా తప్పు చెబుతాను. పలకల సందుల్లో నూనెలో ముంచిన దూది పెట్టాలి. నాఖుదా చెప్పనే చెప్పాడు: "మెల్లగ పెట్టు. బిగ్గ కొట్టకు." నేను లోపలికి దిగి చూస్తే దూది పెట్టిన తర్వాత కూడా సందుల్లోంచి వెలుతురు గీతలు గీతలుగా వస్తోంది. నీకు తెలుసు కదా, బాపు మాట. "వెలుతురు దూరిన తలుపుకు కూలి అడుగుడు సిగ్గురా." ముప్పై ఏళ్లు తలుపులు చేసిన చెయ్యి అది చూస్తూ ఊరుకుంటుందా? మధ్యాహ్నం నాఖుదా నిద్రపోయినప్పుడల్లా సన్నటి టేకు చీలికలు చెక్కి, జిగురు పెట్టి, సందుసందుకూ దిగ్గొట్టాను. వారం రోజుల్లో లోపల చీకటి. నాఖుదా కళ్లు నీ కళ్లకు చుట్టాలు, ఆయనకు కనబడలేదు.

పోటు వచ్చిన సాయంత్రం పడవను నీళ్లలోకి తోశాం. చుక్క రాలేదు. రాజేశం ఎగిరాడు. "దానియేలన్నా, చుక్క నీళ్లు రాలే! నీ చేతులకు దండమే!" నేను కూడా నా చేతులను కాసేపు చూసుకున్నాను.

మర్నాడు పొద్దున లోపల నేనూ రాజేశమూ, పడవ తోసిన కూలీలు ఇద్దరూ, మొత్తం నలుగురం ఉన్నాం. ఎక్కడో కిర్రుమంది. నాకు బావ గుర్తొచ్చాడు. బొగ్గు బాయిలో పైకప్పుకు కట్టెలు నిలబెట్టే పని చేసేటప్పుడు చెప్పేవాడు, "ఇనుము చెప్పకుంట ఇరుగుతది బామ్మర్దీ, కట్టె ముందుగాల చెప్తది. కిర్రుమంటె ముచ్చట పెట్టకు, ఉరుకు." నేను ఉరకండి అని తెలుగులోనే అరిచాను. భాష రానివాళ్లు కూడా ఉరికారు. ఆ వెంటనే పలక ఒకటి మేకులతో సహా పట్టుమని ఊడి బయటికి వచ్చింది. సముద్రం లోపలికి వచ్చింది. బావకు చెప్పు, నలుగురి ప్రాణాలు ఆయన ఖాతాలో ఉన్నాయి.

నీళ్లు తగ్గాక పడవ బురదలో ఒరిగి ఉంది. నాఖుదా ఊడిన పలక దగ్గర కూర్చుని ఒక చీలికను అరచేతిలో పెట్టుకుని నన్ను పిలిచాడు.

"ఇదేంది?"

"చీలిక."

"ఎవ్వలు కొట్టుమన్నరు?"

"మా బాపు."

"మీ బాపు సముద్రం చూసిండా?"

"లేదు. కుంట చూసిండు."

ఆయన నవ్వలేదు. నా నోటి నుంచి ఆ కుంట అన్న మాట రాగానే నాకూ నవ్వు రాలేదు. ఎందుకంటే అక్కా, నాకు తెలుసు. పన్నెండేళ్లప్పుడే తెలుసు. ఎండాకాలం బండి చక్రాలు ఎండి వదులైతే బాపు వాటిని కుంటలో వేసేవాడు. కట్టె నీళ్లు తాగి ఉబ్బి, దానంతట అదే బిగుసుకునేది. నేను తెలివి చూపించి ఎండు చక్రానికి చీలికలు కొట్టాను. మొదటి వానకు అది ఉబ్బడానికి చోటు లేక పగిలింది. "దానికి జాగ ఇయ్యాలెరా, జాగ!" అని బాపు ఒక్కో మాటకు ఒక్కో దెబ్బ వేశాడు. వీపుకు నూనె రాసింది నువ్వే. ఇన్ని తెలిసినవాడిని పడవను చూసి తలుపనుకున్నాను. అది చక్రం.

ఆ రాత్రి ఎలా గడిచిందో రాయను. నీ కన్ను, నా తప్పు, రెండూ నా పక్కనే పడుకున్నాయి. నాఖుదా మూడు రోజులు ఒడ్డుకు రాలేదు. సంచి సర్దుకుని నేనే జైలుకు నడిచి పోదామనుకున్నాను. రాజేశం సంచి లాక్కున్నాడు. "జైలు యాడికి పోదు అన్నా. గా పడవనే పోతది. ముందుగాల గది చూడు."

చీలికలన్నీ తీశాను, ఊడిన పలకను మళ్లీ బిగించాను. దిగ్గొట్టడం కంటే తీయడం రెండింతల పని. మళ్లీ దూది, ఈసారి మెల్లగా. పడవ నిండా గోనె సంచులు కప్పి, రోజంతా సముద్రపు నీళ్లు మోసి పోశాను. ఇక్కడి ఎండ మన బొగ్గు బాయిల ఎండకు మేనమామ, పోసిన నీళ్లు పోసినట్టే తాగేస్తుంది. నాలుగో రోజు వెనక్కి తిరిగి చూస్తే నాఖుదా కూడా ఒక బకెట్ పట్టుకుని వస్తున్నాడు.  నీళ్లు పోశాడు, మళ్లీ వెళ్లాడు. పన్నెండు రోజులు ఇద్దరం పోశాం. సందుల వెలుతురు దారంలా సన్నబడింది కానీ పోలేదు. దాన్ని మూసేయకుండా చూస్తూ కూర్చోవడం నాకు దెబ్బలు తినడం కంటే కష్టమైంది.

ఇవాళ తెల్లవారుజామున మళ్లీ నీళ్లలో పెట్టాం. రేపు మిషన్ వస్తుంది. కాబట్టి ఇదే ఆఖరుసారి. నీళ్లు వస్తాయని తెలుసు. పలకలు ఉబ్బేదాకా రావాలి కూడా. ఎప్పుడు ఆగుతాయన్నదే భయం.

నాలుగు వేళ్లు.

ఐదు. పెన్ను పక్కన పెట్టి బకెట్‌తో తోడాను. మళ్లీ నాలుగు. నాఖుదా ఒడ్డున నిలబడి తస్బీ పూసలు తిప్పుతూ జపం చేస్తున్నాడు. నేను కీర్తన పాడుకుంటున్నాను. ఇద్దరి దేవుళ్లనూ ఒకే పడవలో కూర్చోబెట్టాం, బరువు ఎక్కువ కాకుంటే చాలు.

 అడుగంటా తోడేసి గంట అయింది. ఒక్క వేలు. ఒక్కటే వేలు అక్కా. చెవి పెట్టి విన్నాను, ఎక్కడా కిర్రుమనడం లేదు. పైకి చూశాను, సందుల్లో వెలుతురు లేదు. నేను ఆపలేదు, కట్టే ఆపుకుంది.

నాఖుదా చెప్పులు విప్పి లోపలికి దిగాడు. పలకలను అరచేత్తో తడిమి, అటు తిరిగి చాలాసేపు తెరచాప తాళ్లు సరిచేశాడు. తాళ్లు సరిగ్గానే ఉన్నాయి. తర్వాత నా వైపు చూడకుండానే అన్నాడు, "లే. అంగి మార్చుకో. ఆఫీసు బంద్ కాకముందే పోదాం."

రాజేశం వచ్చి నిలబడ్డాడు, ముగించాలి. నాకు భయంగా ఉంది. ఆ ఆఫీసు మెట్లెక్కడం సముద్రంలో దిగడం లాంటిదే. నాఖుదా మాట అక్కడ ఎంత బరువు తూగుతుందో తెలియదు. నా మీద ఒట్టు, నీ కన్ను నా కోసం ఆగకూడదు. నేను వచ్చేసరికి నువ్వు చూస్తూ ఉండాలి. చూడటానికి పెద్దగా ఏమీ లేదు, జుట్టు పోయింది, రెండు పళ్లు పోయాయి. అయినా చూడాలి. ఈసారి ఎల్లిపాయ కారం పంపకు, వచ్చి నీ చేత్తోనే తింటాను. అయ్యగారికీ, మన సంఘంలో పెద్దలందరికీ నా వందనాలు చెప్పి, నా పేరు మీద ఒక ప్రార్థన చేయించు.

ఇంకొక్క పని. బాపు బండి కొట్టంలో ఎండుతూ ఉంటుంది. బావతో చెప్పి దాని చక్రాలు ఇవాళే కుంటలో వేయించు. నేను వచ్చాక నిన్ను చర్చికి ఆ బండిలోనే తీసుకెళ్తాను. వదులుగా ఉన్నాయని ఎవరైనా చీలికలు కొట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపు. నేను వచ్చేదాకా వాటిని నీళ్లకే వదిలెయ్.

నీ చేతి నూనెకు బాకీ ఉన్న తమ్ముడు,
దానియేలు