మందు కొట్టని సాలు

గుర్రంకొండ,
14-6-2003

చిరంజీవి హేమను పెద్దమ్మ దీవించి రాసేది.

టమోటాకు ఎరుపునిచ్చే పదార్థం ప్రొస్టేట్ క్యాన్సర్ కణాలను పెరగనీయడం లేదని, మీ ల్యాబులో గాజుగిన్నెలో చూశానని ఆ మధ్య రాశావు. గిన్నెలో కణాలు వేరు, మనిషి ఒళ్లు వేరు, ఆస్పత్రి మానొద్దు అని కింద రాశావు. మీ పెదనాయనకు చదువు రాదు కదా, నేనే చదివి వినిపించాను. ఆయన ముఖం అంతలా వెలిగిపోతుంటే ఆ కింది మాట చదవడానికి నాకు నోరు రాలేదు.

మరుసటి నెల ఆయన క్యాన్సర్ ఇంజెక్షన్‌కు మదనపల్లెకు పోదామంటే కదల్లేదు. "మన కాయలోనే మందుంటే ఇంక ఆ సూదులు యాలే?" అన్నాడు. అప్పుడైనా చెప్పాల్సింది. చెప్పలేదు.

తోటంతా పురుగుమందు కొట్టినా, ఇంట్లో తినడానికని ఒక సాలు వదిలేస్తాము కదా. ఐదు నెలలుగా ఆ సాలు కాయలే ఉడికించి పెడుతున్నాను. మొన్న బలవంతాన తీసుకుపోతే, వెన్నెముకకు పాకింది, ఇక చేసేదేమీ లేదన్నాడు డాక్టరు.

ఇప్పుడు తిన్నదంతా కక్కుకుంటున్నాడు. అయినా గిన్నె వదలడు. "ఇంగా ఎక్కువ తినల్లేమో, హేమను అడుగు" అంటాడు.

అందుకే రాస్తున్నాను. తిన్నది చాలు, ఇక మానేయమని నువ్వే రాయి తల్లీ. నీ మాటైతే వింటాడు. ఆ కింది మాట మాత్రం మళ్లీ రాయొద్దు. ఈసారి దాన్ని చదవనూ లేను, దాటేయనూ లేను.

మీ పెద్దమ్మ