నీ పేరు పెట్టిన మాట

భూపాలపల్లి,
ఆదివారం.

అవ్వకు సౌమ్య దండాలు.

నా ఒళ్లు బాగానే ఉంది. ఇంట్లో అందరూ బాగున్నారని నీ ఉత్తరంలో చదివి కుదుటపడ్డాను.

వేళకు తింటున్నానా అని అడిగావు, తింటున్నాను. మన కురవి జాతరకు మాత్రం రాలేను. నా చదువు ఎప్పుడు ఒడుస్తుందని బాపు అడిగాడట. గని కోసం భూములు తీసుకునే కంపెనీ ఊరిని ఎట్లా రెండుగా చీలుస్తుందో పీహెచ్‌డీ కోసం నాలుగేళ్లుగా రాస్తున్నాను. ఒక్క సరైన మాట కోసం నేను వారం వెతుకుతాను. మా సారు ఒక్క గీతతో 'పోరాటం' కొట్టేసి 'అసంతృప్తి' అని దిద్దుతారు. విసుగొస్తోంది.

అసలు సంగతి ఇంకా రాయలేదు. ఫోన్‌లో చెబితే సగంలోనే ఓదారుస్తావని ఉత్తరం రాస్తున్నాను.

భూమి పోయిన సక్రి అనే ఆమె నాతో, "ఊరి కమిటీ కంపెనీదే. మనోళ్లతోనే మనల్ని తిట్టిస్తున్నరు" అన్నది. చెప్పినవాళ్లకు హాని రాకుండా పేరు మార్చి రాయడం మా పద్ధతి. ఆ మాట ఎంతో నచ్చి, నాకు ఇష్టమైన పేరు పెట్టాను. నీ పేరే అవ్వా, పోశమ్మ అని. ఊరి పేరు మాత్రం అట్లాగే ఉంచాను.

ఆ మాటతో నా వ్యాసం ఒక పత్రికలో అచ్చయింది. కంపెనీవాళ్లు చదివారు. ఆ ఊళ్లో నిజంగానే ఒక పోశమ్మ ఉంది, నేను ఎన్నడూ కలవని మనిషి. ఆమె కొడుకు రాజమల్లు కంపెనీ లారీ నడుపుతాడు. పోయిన సోమవారం నుంచి పనికి రావద్దన్నారు.

సారుకు చెబితే, పేరు మార్చావు కాబట్టి నీ తప్పేమీ లేదన్నారు. సక్రి పేరు చెబుదామా అంటే, ఆమె అల్లుడూ అక్కడే పనిచేస్తాడు.

నిన్న పోశమ్మ ఇంటికి పోయి అంతా ఒప్పుకున్నాను. ఆమె బియ్యం చెరిగే చాట కింద పెట్టింది.

"ఊరికో పోశమ్మ ఉంటదని తెల్వదా బిడ్డా? గింత సదివినవు."

ఆ మాట ఎవరిదని ఆమె అడగలేదు. నేను లేవబోతే చెయ్యి పట్టి ఆపింది.

"అననిదానికే నా కొడుకు పని పాయె. ఇగ నేననేది ఎవలు రాయాలె? కూసో."

రెండు గంటలు చెప్పింది, రాసుకున్నాను. రాజమల్లు గడప మీద నాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఈ ఉత్తరం నీకు అందాక, శుక్రవారం వాళ్లిద్దరితో కంపెనీ గేటు దగ్గరికి పోతున్నాను. ఆ మాట ఈ పోశమ్మది కాదని చెబుతాను. మరెవరిదని అడిగితే మా అవ్వది, కురవి పోశమ్మది అంటాను. నమ్ముతారో లేదో తెలియదు. కురవిలో నీకు వాళ్లు పీకేసే నౌకరీ ఏదీ లేదు కదా.

ఎవరైనా ఫోన్ చేసి అడిగితే, 'ఆ మాట నేనే అన్నాను' అని చెప్పు అవ్వా.

ఇట్లు,
నీ పేరు అడగకుండా వాడుకున్న నీ బిడ్డ
సౌమ్య