నాలుగో ఫిల్మ్

మార్చి 3

మా ఎక్స్-రే గదికి ఏఐ వచ్చింది. మణికట్టు ఫిల్ములు పెడితే విరిగిందో లేదో క్షణంలో చెబుతుంది. మా ఆసుపత్రి పదేళ్ల ఫిల్ములు చూపించి నేర్పించారట. అవన్నీ తీసింది ఎవరు? నేనే. అంటే దానికి గురువును నేను. మా ఆయనతో చెబితే, గురుదక్షిణగా బొటనవేలు మాత్రం అడగకు, పాపం దానికి లేదు అన్నారు.

మార్చి 11

నలభై చేతుల్లో ముప్పైతొమ్మిది సరిగ్గా చెప్పింది. పెద్ద డాక్టరు అందరి ముందూ నన్ను మెచ్చుకున్నారు. కాలు నేల మీద నిలవలేదు.

మార్చి 16

వదిన మెట్ల మీద జారి, చెయ్యి ఆనించి పడింది. కుట్టుమిషనే ఆవిడ బతుకుతెరువు. ఎవరి చెయ్యి వచ్చినా బొటనవేలి మొదట్లో నొక్కి చూడటం నా అలవాటు. ఉలిక్కిపడితే, చెయ్యి చిటికెనవేలి వైపు వంచి నాలుగో ఫిల్మ్ తీస్తాను. లేదంటే మూడే. వదిన కిమ్మనలేదు. మూడే తీశాను. ఏఐ బాగుందంది. నా శిష్యుడి మాటకు తిరుగులేదని కోతలు కోసి పంపించాను.

మార్చి 24, మధ్యాహ్నం

కత్తెర పట్టు జారిపోతోందని వదిన మళ్ళీ వచ్చింది. నాలుగోది తీశాను. బొటనవేలి కింది చిన్న ఎముకలో వెంట్రుకంత చీలిక. ఇంకో నెల ఆగితే అతకడం కష్టమయ్యేదట. కట్టు వేశారు.

నాలుగూ పెడితే ఏఐ ఇప్పుడు విరిగిందంది. నాకు అనుమానం వచ్చింది. విరగని పాత చెయ్యి ఒకటి పెట్టాను, నాలుగు ఫిల్ములున్నది. విరిగిందంది. నాలుగోది తీసేసి పెట్టాను. బాగుందంది. ఓరి నీ! ఎముకను చూడటం లేదు, ఫిల్ములు లెక్కపెడుతోంది. నాకు అనుమానమైతే చాలు, దానికి నిర్ధారణ.

సిగ్గు విడిచి రాస్తున్నాను, నా అనుమానం మీద దానికంత గురి అని ముందు పొంగిపోయాను. తర్వాత వదిన చెయ్యి గుర్తొచ్చింది. నొప్పి ఓర్చుకునేవాళ్ళను నేనూ వదిలేస్తాను, అదీ వదిలేస్తుంది.

మార్చి 25

పెద్ద డాక్టరుకు చెప్పలేదు. చెబితే వచ్చిన పేరు కాస్తా పోతుంది.

మార్చి 26

వదిన ఫోన్ చేసి, నొప్పి చెప్పకపోవడం తన తప్పేనని నన్నే ఓదార్చింది. ఇక ఆగలేకపోయాను. పెద్ద డాక్టరుకు అంతా చూపించాను. ఆయన తనే ఇంకో రెండు పాత చేతులు పెట్టి చూశారు. చివరికి, "ఇక నుంచి అందరికీ నాలుగూ తియ్యమ్మా. మళ్ళీ మొదటి నుంచి నేర్పిద్దాం" అన్నారు.

జూన్ 2

వదిన కత్తెర పట్టింది.

ఆగస్టు 8

ఒకాయన చెయ్యి నొక్కితే నవ్వాడు. ఏమీ లేదనుకున్నాను. మళ్ళీ నేర్చుకున్న ఏఐ విరిగిందంది. డాక్టరు చూశారు. విరిగింది.

నా మాట వినలేదు వెధవ. ఎంత గర్వంగా ఉందో.