రోమన్ల దారులు, మా తాళం

మంగళవారం, రాత్రి

ఇవాళ దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ క్లాసులో రోమన్ల ఆంఫీథియేటర్ పాఠం చెప్పాను. కత్తియుద్ధాలు, సింహాలు అనగానే పిల్లలు కదలకుండా విన్నారు. ఆట ముగిశాక అంత జనమూ తొక్కిసలాట లేకుండా బయటపడేలా చుట్టూ దారులు కట్టారని చెప్పేసరికి, వెనక బెంచీలో శిరీష లేచింది.

"గా కాలంలనే గన్ని దార్లు పెట్టిన్రా మేడం? మనకు ఒక్కటే దారాయె. ఎనక మెట్ల గేటుకు తాళమేసిన్రు."

అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. మా పై అంతస్తు నుంచి ఉన్న ఆ ఒక్క ముందు మెట్లమీద ఇద్దరు పక్కపక్కన దిగలేరు. ఎప్పుడైనా మంటలు లేస్తే...

సాయంత్రం కోచింగ్ ఓనరు గారిని ఆ తాళం తీయమని అడిగాను.

"తీస్తే క్లాసు ఎగ్గొట్టి పారిపోతారండీ," అన్నారు.

పారిపోవడానికేగా దారి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. రేపటి నుంచి ఆ తాళం తీసేదాకా నా పాఠం ఆ వెనక గేటు ముందే.