సత్తెమ్మా అని పిలిచిన

బిడ్డా సత్తెమ్మా,

ఈ కాయితం నీకు చేరదని నాకెరుకే. అయినా సంబురం పట్టలేక రాస్తున్న. నీ బిడ్డ సుగుణకు ఆడపిల్ల పుట్టింది. ఇయ్యాల మన మోత్కూర్ ఇంట్ల తొట్టెల్ల వేసి, నీ పేరే పెట్టినం.

పేరైతే పెట్టినం గని పిలిచేటోళ్లే లేకపాయె. "మా అమ్మను పేరు పెట్టి నేనెట్ల పిలుస్త తాతా?" అన్నది సుగుణ. దాని పెనిమిటి "అత్త పేరాయె" అని తల గోక్కున్నడు. నీ పెనిమిటి సంగతి నీకెరుకే, నువ్వున్ననాడే నీ పేరెత్తకపోయె. వాకిట్ల కూసున్న ఆడోళ్లల్ల సగం మందికి భువనగిరి దవాఖానల నువ్వే పురుడు పోసినవు. వాళ్లకు నువ్వు నర్సమ్మవే. "సబ్బుతోని మోచేతుల దాంక కడుక్కుంటె గని కన్నబిడ్డనన్న ఎత్తుకోకపోయేది" అని యాది చేసుకొని నవ్విండ్రు.

ఆఖరికి పక్కింటి బాలవ్వ గదిమింది. "కన్నోనివి, నీకేం అడ్డమే? పిలువు."

నువ్వు పోయిన కాడి నుంచి ఆ పేరు నా నోట్లెకెళ్లి రాలేదు బిడ్డా. తొట్టెల మీదికి వంగి, గొంతు సవరించుకొని పిలిచిన.

"జర మెల్లగ మామా, పిల్ల ఉలికిపడ్డది" అన్నడు నీ పెనిమిటి, తువ్వాలతోని కండ్లు తుడుసుకుంట.

అప్పటిసంది పనున్నా లేకున్నా పిలుస్తనే ఉన్న. "పిల్లను పండనియ్యవా తాతా?" అని సుగుణ కోపం చేస్తాంది. ఏం జెయ్యాలె? ఇన్నేండ్ల పిలుపులు నా కాడనే ఉండిపాయె.

నీ బాపు