బావి దగ్గర పెట్టిన బోర్డు

పెదకాకాని

ప్రియమైన అక్కయ్యకు, తమ్ముడు దావీదు వందనాలు. దేవుని దయవల్ల ఇక్కడ అందరం లేచి తిరుగుతున్నాం. పోయిన ఉత్తరంలో ఊరందరి సంగతీ రాయించావు, నీ ఒంటి సంగతే లేదు. ఈసారి రాయించు.

నేను బాగానే ఉన్నాను. అమ్మాయి వేళకు అన్నం పెడుతోంది. అల్లుడు పొద్దున్నే కళ్ళంలో మిరపకాయల కాపలాకు కూర్చోబెడతాడు. ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి, ఇప్పుడు మేకల్ని అదిలిస్తున్నాను. ఆ ఘాటుకు పుస్తకం తెరిస్తే కళ్ళనీళ్ళు. చదివింది చెప్పుకుందామంటే మనిషి లేడు. అయినా బాగానే ఉన్నాను, బెంగపెట్టుకోకు.

అసలు సంగతి ఇది. మన ఊరవతల అడవి బంగళాను సర్కారువాళ్ళు సందర్శకుల కోసం తెరిచారట కదా. అడవి పటాలు, పులి బొమ్మ పెట్టారట, ఎవరైనా ఊరికే చూడొచ్చట. చూసివచ్చిన నా పాత శిష్యుడు చెప్పాడు: "మాస్టారూ, అక్కడి బావిని మీ ఊరి కామందు తాతగారు ప్రజల కోసం తవ్వించారని బోర్డు పెట్టారండి."

అప్పటినుంచి నాకు తిండి సయించడం లేదు. ఆ కరువు ఏడాది ఆ తాతగారు తన బావికి కాపలా పెట్టి మన పేటవాళ్ళను తరిమితేనే కదా, నాన్న ఆ రాతినేలలో గడ్డపార వేసి ఈ బావి తవ్వాడు! నువ్వు మట్టితట్టలు మోశావు. నేనప్పటికి పాకుతున్నాను. కళ్ళారా చూసినవాళ్ళలో నువ్వొక్కదానివే మిగిలావు.

వెళ్ళి అధికారికి చెప్పి బోర్డు మార్పిద్దామనుకుంటే మా వియ్యంకుడు వాసన పట్టాడు.

"టిక్కెట్టెంత బావగారూ?"

"లేదు."

"లేదా! అయితే మా చెల్లెలివాళ్ళూ వస్తారు."

ఇప్పుడు ఇరవైమంది, ఒక లారీ, గంగాళం పులిహోర. విహారానికి కాదయ్యా అంటే, "బోర్డు మీరు చూసుకోండి, పులిని మేం చూసుకుంటాం" అంటాడు. మంగళవారం ప్రయాణం కూడదని బుధవారం ఖాయం చేశాడు. బుధవారం బంగళాకు సెలవని నాలుగుసార్లు చెప్పాను. "ఊరికే చూపించేదానికి సెలవేమిటండీ?" అన్నాడు. బాప్తిస్మం తీసుకుని ఇన్నేళ్ళయినా వర్జ్యం వదలనివాడితో ఏం వాదించను?

అందుకే మంగళవారం నేనొక్కణ్ణే వస్తున్నాను. అద్దంకిలో బస్సు మారి మధ్యాహ్నానికి మన ఊరి మలుపుకు చేరతాను. నువ్వు అక్కడ ఎక్కాలి. నీ మనవడికి ఆ బంగళాలో కాపలా ఉద్యోగం కామందు మాట మీదే వచ్చిందని తెలుసు. నువ్వు నోరు విప్పితే అది పోవచ్చు. తెలిసే అడుగుతున్నాను. నువ్వు రాకపోయినా నేను వెళ్ళి చెబుతాను. పాకే పిల్లాడివి, నువ్వేం చూశావని నవ్వితే నవ్వనీ.

ఈ ఉత్తరం నీకు చదివేది ఆ మనవడేనని కూడా తెలుసు. ఒరేయ్ శామ్యేలూ, ఒక్క ముక్క మింగకుండా చదవరా. కూడదనిపిస్తే నాయనమ్మను బెదిరించకు. నాకు రాయి, నీ చేతిరాతతో. నిన్ను తిట్టను. రాయకపోతే మాత్రం ఆవిణ్ణి బస్సెక్కించేది నువ్వే.

అక్కయ్యా, పాస్టరుగారికి, పేటలో పెద్దలకు నా వందనాలు. నా కోసం ప్రార్థన చెయ్యి.

నీ దీవెనలు కోరే తమ్ముడు,
దావీదు