ఎర్ర సిరాతో దిద్దిన సెలవు చీటీ

గచ్చిబౌలి,
14-8-1978

అమ్మ పాదాలకు నమస్కరించి భీమేశ్వరరావు రాసుకునేది. ఇక్కడ నేను క్షేమం. నువ్వు వేళకు తింటున్నావని అక్కయ్య రాస్తే తప్ప నమ్మను.

నా తిండి సంగతి అడిగావు. ఆఫీసు పక్కనే నానక్‌రామ్‌గూడలో నేను కిరాయికున్న ఇంటి చంద్రమ్మ రోజూ జొన్నరొట్టె పెడుతోంది. నాన్న పోయినప్పటి నుంచి "జర తిను బిడ్డా" అంటూ పక్కనే కూర్చుంటుంది.

ఇంకోటి కూడా అడిగావు, తండ్రి చావుబతుకుల్లో ఉంటే సెలవివ్వని ఆ ఆఫీసరు మనిషేనా అని. లింగమూర్తి గారిని నువ్వు రోజూ దీపం దగ్గర శపిస్తున్నావని అక్కయ్య రాసింది. అందుకే ఇక దాచలేను.

ఉద్యోగం పర్మినెంటు కావడానికి పెట్టే పరీక్షలో నేను ఇంగ్లీషులోనే తప్పానని నాన్నకు దిగులు కదా. ఆయన కోసమే కష్టాల గురించి చెప్పే ఇంగ్లీషు జాతీయాలు బట్టీపట్టాను. 'ఇన్ ఎ టైట్ కార్నర్' అంటే ఇరకాటంలో పడ్డానని. 'బిట్వీన్ ది డెవిల్ అండ్ ది డీప్ సీ' అంటే మన ముందు నుయ్యి, వెనక గొయ్యి. వాటితో రోజూ ఒక ఉత్తుత్తి సెలవు చీటీ రాసి లింగమూర్తి గారి బల్లమీద పెట్టేవాణ్ణి. ఆయన ఓపిగ్గా దిద్ది ఇచ్చేవారు. కారణం ఏదో ఒకటి ఉండాలి కదా అని, ప్రతిసారీ తండ్రికి జబ్బనే రాశాను. నోట అనకూడని మాట చేత్తో రాశానమ్మా.

నాన్నకు ప్రాణం మీదికొచ్చిందని టెలిగ్రాం వచ్చిన రోజు కూడా నా ఇంగ్లీషు చూపించుకోవాలనే బుద్ధి పోలేదు. జాతీయాలన్నీ గుచ్చి రాసి, అదే బల్లమీద పెట్టాను. సాయంత్రం బంట్రోతు తెచ్చిచ్చాడు. రెండు తప్పులు దిద్ది, కింద 'గుడ్' అని ఉంది. ఆయన అప్పటికే వెళ్లిపోయారు. ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు, చెప్పకుండా బయలుదేరడానికి భయపడ్డాను.

మర్నాడు ఆయన ముందు నిలబడి ఏడ్చేశాను. "గిది నిజమా? మా నాయినకు బాగలేదు సార్ అని నోటితోని ఒక్క మాట చెప్తే అయిపోతుండె గదనయ్యా" అని ఆయన నన్ను స్కూటరు మీద స్టేషనుకు చేర్చారు. నేను వచ్చేసరికి చితి ఆరిపోయింది. "సెలవివ్వలేదా నాయనా" అని నువ్వడిగితే ఊ అన్నాను.

నిన్న లింగమూర్తి గారి తండ్రిని దవాఖానలో చేర్చారు. ఇది నా చీటీల్లో రాసినట్టు ఉత్తుత్తి జబ్బు కాదు. దీపం దగ్గర ఆయన పేరు చెప్పడం మానకమ్మా, ఆయన తండ్రి కోలుకోవాలని మొక్కు. శాపం మాత్రం నా పేరు మీదికి మార్చు.

ఇట్లు,
ఆ రోజు ఊ అని ఊరుకున్న నీ కొడుకు,
భీముడు